బిల్లు నంబరు 71: పెద్ద దుకాణాల లెక్కల గదులకు బహిరంగ లేఖ

విజయవాడ,
2025 ఏప్రిల్ 2

చిన్న తయారీదారుల దగ్గర అరువుకు సరుకు తీసుకునే పెద్ద దుకాణాల యజమానులకు, కొనుగోలు అధికారులకు, ముఖ్యంగా లెక్కల గదిలో కూర్చునేవారికి,

నమస్కారం.

ఉగాది వెళ్ళి మూడు రోజులైంది. గుడిలో పంచాంగ శ్రవణానికి వెళితే మా రాశికి ఈ ఏడాది వ్యయం కంటే ఆదాయం ఎక్కువని చదివారు. పక్కన కూర్చున్న మా తోడికోడలు నా మోచేతి మీద పొడిచి నవ్వింది. ఆదాయం ఎక్కువే, కాదనం. అది ఏ నెలలో చేతికి వస్తుందో పంచాంగకర్తలు కూడా రాయరు.

పోయిన ఉగాదికి, అంటే 2024 ఏప్రిల్ 9న, మేమిద్దరం కలిసి ఊరగాయలు, పిండివంటలు చేసి అమ్మే పని మొదలుపెట్టాం. సింగ్‌నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తు అద్దెకు తీసుకున్నాం. ఇద్దరు ఆడవాళ్ళను పనికి పెట్టుకున్నాం. ఏడాది తిరిగింది, పొయ్యి ఆరలేదు. ఈ ఏడాదిలో మమ్మల్ని నిలబెట్టింది ఏమిటో, పడగొట్టబోయింది ఏమిటో ఇప్పుడు బాగా తెలుసు. ఆ రెండోది సమయానికి చేతికి రాని డబ్బు, దానిలో మీ వాటా చాలా ఉంది. అందుకే ఈ లేఖ.

ముందుగా ఒక మాట. వ్యాపారం పెడతామంటే అందరూ ప్రభుత్వ కాగితాల గురించే భయపెట్టారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అవి మమ్మల్ని పెద్దగా ఏడిపించలేదు. చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆధార్ నంబరుతో ఒక్క మధ్యాహ్నంలో, పైసా ఖర్చు లేకుండా వచ్చింది. ఆహార భద్రత నమోదుకు ఏడాదికి వంద రూపాయలు. ముద్రా రుణం కింద బ్యాంకు మూడు లక్షలు ఇచ్చింది, తనఖా అడగలేదు. కొనేవాళ్ళు దొరకరేమోనని భయపడ్డాం, దొరికారు. ఏడాదికి తొమ్మిది లక్షల అరవై వేల అమ్మకం జరిగింది. మొన్న లెక్కలు చూసే ఆయన పుస్తకం మూసి, "అమ్మా, మొదటి ఏడాదే లక్షా ముప్పై వేలు లాభం. సంతోషించండి" అన్నారు. ఆ సాయంత్రం గల్లాపెట్టెలో మూడు వేల నూట పది రూపాయలున్నాయి.

ఆ లాభం ఏడాదంతా ఎక్కడుందో మీకు తెలుసు. మీ దగ్గరే ఉంది.

ఆవకాయ పని ఎలా జరుగుతుందో మీకు చెప్పాలి. మీరు దాన్ని ఏడాది పొడుగునా అల్మరాలో చూస్తారు. మేం దాన్ని ఐదు వారాల్లో పెట్టేయాలి. టెంక ముదిరేదాకా కాయ కొట్టకూడదు, కొడితే ముక్క మూడు నెలలకే మెత్తబడిపోతుంది. వానలు మొదలయ్యేలోపు పని ముగియాలి. ఏప్రిల్ చివర్లో, మే నెలలో తెల్లవారుజామునే నున్న మామిడి మార్కెట్టుకు వెళ్ళి టన్నున్నర కాయ కొన్నాం. కాయ తడి తుడవడానికి ఒకరు, కత్తిపీట దగ్గర ఒకరు, ముక్కకు అంటిన జీడి తీసి లోపలి పొర గీకడానికి ఇద్దరు. కారం గుంటూరు నుంచి, నువ్వుల నూనె గానుగ నుంచి. ఆవాలు ఎండబెట్టి మేమే పిండి కొట్టించుకున్నాం. మూడో రోజు తిరగకలిపి రుచి చూసేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టి నిలబడతాం. ఉప్పు చాలకపోతే ఏడాది సరుకంతా పోయినట్టే. ఒక జాడీలో ఎవరో తడి గరిటె పెట్టారు. పదిహేను రోజులకు పైన తెల్లగా బూజు కట్టింది. నలభై కిలోలు గోతిలో పారబోశాం. అది మా తప్పు, మీ ఖాతాలో వేయను.

ఈ ఐదు వారాల్లో రెండున్నర లక్షలు జాడీల్లోకి వెళ్ళిపోయాయి. అంతా రొక్కమే. కాయల వర్తకుడు తూకం దగ్గరే డబ్బు లెక్కపెట్టించుకున్నాడు. గానుగ ఆయన "కొత్తవాళ్ళకు అరువు ఇవ్వలేనమ్మా" అన్నాడు. పనివాళ్ళకు శనివారం సాయంత్రం కూలి ఇవ్వాలి, ఆదివారం వాళ్ళింట్లో బియ్యం కొనాలి కదా. ఎవరినీ తప్పు పట్టను. మొదటి ఏడాది వాళ్ళను ఎవరు నమ్ముతారు? కానీ ఆ నమ్మకం లేని మేమే మీకు అరువు ఇవ్వాలి. కాయ అమ్మినవాడికి రొక్కం, కాయ కొట్టిన మనిషికి రొక్కం, ఊళ్ళో అందరికంటే ఎక్కువ డబ్బున్న మీకు అరువు. ఈ వరస ఎప్పుడు, ఎవరు పెట్టారో గానీ, ఏ పెద్దబాలశిక్షలోనూ చదివినట్టు గుర్తులేదు.

మీలో ఒకరి గురించి చెబుతాను. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఈ కథ చదివి "ఇది మా గురించే" అనుకునేవారు కనీసం పదిమంది ఉంటారని నా అంచనా.

2024 జూన్ 10న అర కిలో సీసాలు ఎనిమిది వందలు పంపాం. సీసా నూట నలభై చొప్పున లక్షా పన్నెండు వేలు. పన్నెండు శాతం జీఎస్టీతో కలిపి 1,25,440 రూపాయలు. నిజానికి ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి నలభై లక్షల అమ్మకం దాటేదాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. మీరు అడిగారు కాబట్టి చేయించుకున్నాం. దాని ఫలితం ఏమిటంటే, మీరు రూపాయి ఇవ్వకముందే, జులై 20కల్లా మేం పన్ను కట్టాలి. సీసాల మీద, నూనె మీద ఇచ్చిన పన్ను తీసేశాక కూడా ఎనిమిది వేల చిల్లర చేతి డబ్బు కట్టాం. ఆలస్యమైతే ప్రభుత్వం మా దగ్గర పద్దెనిమిది శాతం వడ్డీ తీసుకుంటుంది. మీ ఆలస్యానికి మేం అడిగితే మాత్రం మర్యాద తెలియనివాళ్ళం అవుతాం.

ఆగస్టులో మీ లెక్కల గదికి వచ్చాను. రెండో అంతస్తులో, బియ్యం బస్తాల వెనక. ఒక చెయ్యి విరిగిన ఇనుప కుర్చీ ఉంది, మాలాంటి వాళ్ళ కోసమే వేసినట్టున్నారు. బల్ల మీద నీలిరంగు ప్లాస్టిక్ ట్రేలో చెక్కులు. అబ్బాయి మంచివాడే, మంచినీళ్ళు ఇచ్చాడు. "సార్ సంతకం కావాలి మేడమ్, సోమవారం రండి" అన్నాడు. సోమవారం వెళితే, "మీ సరుకు ముట్టినట్టు సిస్టమ్‌లో ఎక్కలేదండీ" అన్నాడు. నేను కిందికి దిగి అల్మరా దగ్గర నిలబడి లెక్కపెట్టాను. మా సీసాలు నలభై మిగిలాయి. మిగతా ఏడు వందల అరవై ఎవరెవరి ఇళ్ళలోనో అన్నంలో కలిసిపోయాయి. సిస్టమ్‌లోకి మాత్రం ఇంకా రాలేదు.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ సంగతి మీరంతా టీవీల్లో చూశారు. మేం పై అంతస్తులో ఉన్నాం కాబట్టి జాడీలు బతికాయి. కింద వరండాలో పేర్చుకున్న అట్టపెట్టెలు, కొత్తగా అచ్చువేయించిన లేబుళ్ళు నాని ముద్దయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, పడవ వస్తేనే పాల పాకెట్టు. నీళ్ళు తీశాక మీకు ఫోను చేశాను. "వరదల వల్ల చెల్లింపులన్నీ ఆగాయమ్మా" అన్నారు. మీ దుకాణం ఉన్న వీధిలో మడమ తడిసేంత నీరు కూడా నిలవలేదు. పైగా మా డబ్బు గడువు జులై 25కే దాటింది. బుడమేరు వచ్చింది అది దాటిన ముప్పై ఎనిమిది రోజులకు.

ఆ నెలలోనే, 14వ తేదీ నుంచి కేంద్రం దిగుమతి వంటనూనెల మీద సుంకం పెంచింది. ముడి నూనెల మీద 5.5 శాతం ఉన్నది 27.5 అయింది. దసరా, దీపావళి కారప్పూసకు, చెగోడీలకు మేం వాడేది పొద్దుతిరుగుడు నూనె. ధర అమాంతం ఎక్కింది. మీతో ఒప్పుకున్న ధర ఆరు నెలల దాకా మారకూడదన్నారు, మార్చలేదు. ఒప్పందం అంటే ఒప్పందమే. మరి డబ్బు నెలన్నరలో ఇస్తామన్నదీ ఆ ఒప్పందంలోని మాటే కదా?

అప్పటికి మూడు దుకాణాల నుంచి మాకు రావలసింది రెండు లక్షల తొంభై వేలు. దసరా సరుకు కొనడానికి చేతిలో డబ్బు లేదు. మా తోడికోడలు గాజులు బ్యాంకులో పెట్టింది. అవి చాలక వీధిలో ఒకావిడ దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాం. నాలుగు నెలలకు ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలు మేం కట్టింది మా అప్పుకని పైకి కనిపిస్తుంది. కాస్త వెనక్కి తవ్వి చూడండి, అది మీ అప్పు.

నవంబరు 29న చెక్కు వచ్చింది. బిల్లు తేదీ నుంచి 172 రోజులు. అందులోనూ "ప్రదర్శన ఖర్చు" పేరుతో నాలుగు వేల రెండు వందలు కోసుకున్నారు. ఎక్కడ ప్రదర్శించారో చెప్పలేదు. అయినా ఆ రోజు మాకు పండగలాగే ఉంది. పాయసం కూడా చేసుకున్నాం, సిగ్గులేకుండా. మా లెక్కలాయన ఆ పాయసం తాగుతూ చెప్పారు: కొన్న సరుకుకు 180 రోజుల్లోగా డబ్బు ఇవ్వకపోతే, ఆ సరుకు మీద తీసుకున్న జీఎస్టీ మినహాయింపును కొన్నవాళ్ళు వడ్డీతో సహా వెనక్కి కట్టాలట. అప్పుడు అర్థమైంది ఆ 172 లోని మర్మం. మీ సిస్టమ్‌లో మా సరుకు ఎక్కకపోయినా, ఆ నూట ఎనభై మాత్రం చక్కగా ఎక్కి ఉంది.

చట్టం మీకు నేను చెప్పాలా? మీ ఆడిటర్లు చెప్పే ఉంటారు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. రాతపూర్వక ఒప్పందం ఉంటే చెల్లింపు గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. రాత లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెల నెలా చక్రవడ్డీ. నిరుడు ఆ రేటు 6.75 శాతం, మూడింతలు అంటే 20.25. జూన్ బిల్లు మీద లెక్క వేస్తే సుమారు తొమ్మిది వేల రూపాయలు వడ్డీ. మేం వీధిలో కట్టిన వడ్డీ పోను ఒక వెయ్యి మిగిలేది. పోనీండి.

"మరి ఫిర్యాదు చేయకపోయావా?" అని మీరే అడగవచ్చు. దారి ఉంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది, ఈ బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో రాశారు. కౌన్సిల్ మీకు వ్యతిరేకంగా చెబితే, దాని మీద కోర్టుకు వెళ్ళాలన్నా ముందు 75 శాతం డబ్బు కట్టాలి. ఇన్ని ఉండి కూడా నేను వెళ్ళలేదు. మీ మీద ఫిర్యాదు చేసిన మర్నాడు ఆ అల్మరాలో మా సీసాలు ఉండవు. నిరుడు జూన్‌లో ఆ అల్మరా దొరికిన రోజు ఇంటిల్లిపాదినీ తీసుకువచ్చి చూపించాను. మా మామగారు సీసా చేతిలోకి తీసుకుని, లేబులు మీద ఊరి పేరు బిగ్గరగా చదివారు. దాన్ని ఎలా వదులుకుంటాం? మా భయమే మీకు పూచీకత్తు.

ఇప్పుడు మార్చి సంగతి. 2023 బడ్జెట్టులో ఆదాయపు పన్ను చట్టానికి ఒక నిబంధన చేర్చారు. సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు గడువు దాటిన బాకీని మార్చి 31లోపు కూడా చెల్లించకపోతే, ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడం కుదరదు, చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. 2023-24 లెక్కల నుంచి అది అమల్లోకి వచ్చింది. అందుకే మార్చి చివరి వారంలో మేమంతా ఒక్కసారిగా మీకు గుర్తొస్తాం. మొన్న 27, 28 తేదీల్లో మా పాత బాకీలు రెండు టకటకా ఖాతాలో పడ్డాయి. ఏడాదంతా దొరకని "సార్ సంతకం" రెండు రోజుల్లో దొరికింది. అంటే సంతకానికి పట్టేది అరనిమిషమే. ఈ రహస్యం తెలిశాక ఆ ఇనుప కుర్చీలో కూర్చున్న గంటలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

కానీ మీలో ఒకరు ఇంకా తెలివైన మార్గం కనిపెట్టారు. డిసెంబరులో సంక్రాంతి సరుకు మాట్లాడుతూ, "అమ్మా, బిల్లు మీద ఆ ఉద్యమ్ నంబరు వేయకండి, మా ఆడిటరు ఇబ్బంది పెడుతున్నారు" అన్నారు. ఆ నంబరు కనిపించకపోతే మేం సూక్ష్మ సంస్థ అని వాళ్ళ లెక్కల్లో తెలియదు. అర్థం కాక కాదు, పండగ ఆర్డరు పోతుందని సరే అన్నాను. కొత్త బిల్లు పుస్తకం ఆ నంబరు లేకుండానే అచ్చువేయించాను. నిన్నటి నుంచి సూక్ష్మ సంస్థ పరిమితిని ఏడాదికి పది కోట్ల వ్యాపారం దాకా పెంచారని పేపర్లో చదివాను. పది కోట్లకు తొమ్మిది లక్షల అరవై వేలు ఎంత దూరమో చూసుకుంటూ, బిల్లు మీద నా నంబరు నేనే దాచుకున్నానే అని నవ్వొచ్చింది.

అందరూ ఇలాగే ఉంటారని అనను. మా వీధి చివర చిన్న కిరాణా దుకాణం ఉంది. ఆయనను బాబాయిగారూ అంటాం. వారానికి పన్నెండు సీసాలు తీసుకుంటారు. శనివారం పొద్దున్న వెళ్ళేసరికి పాత సీసాల డబ్బు మడతపెట్టి త్రాసు పళ్ళెం కింద ఉంటుంది. అందులో నుంచి తీసి ఇచ్చి, కొత్తవి లెక్కపెట్టుకుంటారు. ఆయనకు సిస్టమ్ లేదు. బుడమేరు నీళ్ళు ఆయన కొట్లోకి నడుము లోతు వచ్చాయి. పదహారు రోజుల తర్వాత షట్టరు తీసి, బురద కడగకముందే నాకు కబురు పంపారు: "అమ్మాయీ, మీ ఆరు సీసాల డబ్బు నా దగ్గరుంది." మా మొదటి ఏడాదిని నిలబెట్టింది ఇటువంటి చిన్న కొట్లు. మీ పేరు చెప్పుకుని గర్వపడ్డాం గానీ, కూలీలకు శనివారం ఇచ్చింది ఆయన త్రాసు కింది డబ్బే.

మీ దగ్గర నాకు కావలసింది పెద్దదేమీ కాదు. సరుకు తీసుకున్న రోజే డబ్బు ఏ తేదీన ఇస్తారో ఆర్డరు కాగితం మీద రాయండి. 45 రోజులైతే 45 అనే రాయండి, దానికి తగ్గట్టు మేం కాయ తక్కువ కొంటాం, ఒక ఆర్డరు వదులుకుంటాం, ఏదో ఒక తీరు చేసుకుంటాం. తేదీ తెలిసిన ఆలస్యంతో బతకవచ్చు. సోమవారం రమ్మన్న ఆలస్యంతోనే బతకలేం, ఎందుకంటే ఏ సోమవారమో మీరు చెప్పరు. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళకు తొలి రెండు మూడు బిల్లులు పదిహేను రోజుల్లో ఇచ్చేయండి. మీ నెల ఖర్చుల్లో అది కనిపించను కూడా కనిపించదు. మమ్మల్ని అడగకుండా పెట్టిన "ఒకటి కొంటే ఒకటి ఉచితం" పథకాల ఖర్చు మా బిల్లులో కోయకండి. ఆ ఉచితం ఎవరి చేతినుంచి పోయిందో కొనేవాళ్ళకు తెలియదు, మాకు తెలుస్తుంది. డబ్బు లేనప్పుడు లేదని చెప్పండి. వ్యాపారంలో అందరికీ ఇబ్బంది రోజులు వస్తాయి, మేం అర్థం చేసుకోలేనివాళ్ళం కాదు.

ఇంత రాశాక నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. వరదలో పోయిన లేబుళ్ళను మళ్ళీ అచ్చువేసిన ప్రెస్సు ఆయనకు పద్దెనిమిది వందలు బాకీ ఉండేది. మీరు ఇవ్వలేదు కాబట్టి నేను ఇవ్వలేదు. ఆయన మూడుసార్లు వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉండి, "అక్క లేదని చెప్పు" అని పనమ్మాయితో చెప్పించాను. తలుపు సందులోంచి ఆయన మెట్లు దిగి వెళ్ళడం చూశాను. నా చేతిలో చెక్కుల ట్రే లేదు గానీ, ఆ క్షణాన నేనూ మీ లెక్కల గదిలోనే కూర్చున్నాను. నవంబరు 29 చెక్కులోంచి మొదట ఇచ్చింది ఆయనకే. రెండు నెలలు ఆలస్యమైనందుకు వంద రూపాయలు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక ఉద్యమ్ నంబరు వేయవద్దన్న వారికి ప్రత్యేకంగా. బిల్లు నంబరు 71, తేదీ 2025 జనవరి 6. అరిసెలు, కారప్పూస, నువ్వుండలు. మొత్తం 46,500 రూపాయలు. ఇవాళ్టికి 86 రోజులు. ఆ అరిసెలు తిన్నవాళ్ళకు రుచి కూడా గుర్తుండదు. మార్చి ముగిసింది, అందరి బాకీలూ పడ్డాయి, అది ఒక్కటే పడలేదు. నంబరు లేదు కదా, మీ ఆడిటరు ఇబ్బంది పెట్టి ఉండరు.

నున్నలో కొత్త కాయ దిగుతోందని కబురు వచ్చింది. సోమవారం, ఏప్రిల్ 7న, పదకొండు గంటలకు మీ దగ్గరికి వస్తాను. ఉద్యమ్ నంబరుతో రబ్బరు స్టాంపు చేయించాను, ఎనభై రూపాయలైంది. ప్యాడ్‌తో సహా సంచిలో పెట్టుకుని వస్తాను. ఆ బిల్లు ఒకసారి బయటికి తీసి ఉంచండి.

ఇట్లు,
సింగ్‌నగర్ పై అంతస్తు నుంచి
ఒక ఊరగాయల తయారీదారు